కాటాకి ముద్ర అడుగుతాం... గ్యాసు పెట్టెకి అడగమా?

ఏలూరు కొత్త జిల్లా అయ్యింది 2022 ఏప్రిల్ 4న. తొమ్మిది రోజులకి, ఏప్రిల్ 13 రాత్రి, ముసునూరు మండలం అక్కిరెడ్డిగూడెంలో పోరస్ ల్యాబొరేటరీస్ ఫ్యాక్టరీలో మంటలొచ్చి ఆరుగురు పోయారు. అందులో నలుగురు బీహార్ నుంచి బతకడానికొచ్చినోళ్ళు. దానికి ఐదేళ్ళ ముందు, 2017 మార్చి 30న, మొగల్తూరు మండలం నల్లంవారితోటలో రొయ్యల ఫ్యాక్టరీ ట్యాంకు శుభ్రం చెయ్యబోయి ఐదుగురు కూలోళ్ళు విషవాయువుకి బలైపోయారు.

ప్రమాదం జరిగిన ప్రతిసారీ వరస ఒకటే. మంత్రులొస్తారు, పరిహారం ప్రకటిస్తారు, కమిటీ వేస్తారు. ఆ కమిటీలు చెప్పే జాగ్రత్తల్లో గ్యాస్ డిటెక్టర్లు పెట్టాలన్న మాట దాదాపు ఉంటది. పెడతారు కూడా. గోడకి ఓ పెట్టె, దానికో పచ్చ లైటు. తనిఖీకొచ్చినాయన పెట్టెలు లెక్కపెట్టుకుని వెళ్ళిపోతాడు.

నా ప్రశ్న అక్కడి నుంచి మొదలు. ఆ పెట్టె పనిచేస్తందా? చివరిసారి దాన్ని పరీక్ష చేసింది ఎవరు, ఏ తారీఖున?

నల్లజర్ల, తాడేపల్లిగూడెం, కైకలూరు వైపు కుర్రోళ్ళు ఇప్పుడు పొలాల్లోనే లేరు. ఐసు ఫ్యాక్టరీలు, రొయ్యల ప్లాంట్లు, అచ్యుతాపురం ఫార్మా, హైదరాబాద్ శివారు కంపెనీలు, గల్ఫు... ఎక్కడ చూసినా మనోళ్ళే. ఈ మాట వాళ్ళకోసం.

తాడిపత్రిలో ఏమయ్యింది

2018 జులై 12న అనంతపురం జిల్లా తాడిపత్రి దగ్గర గెర్డావ్ ఉక్కు ఫ్యాక్టరీలో కార్బన్ మోనాక్సైడ్ లీకయ్యింది. ఆరుగురు కార్మికులు చనిపోయారు. పేలుడు లేదు, మంట లేదు. గాలిలో కలిసిన గ్యాసు మనుషుల్ని నిలబడ్డ చోటే కూల్చేసింది.

ఈ గ్యాసుకి రంగు లేదు, వాసన లేదు, కళ్ళు మండవు. ఐసు ఫ్యాక్టరీలో అమ్మోనియా లీకయితే ముక్కు ముందే చెప్పేస్తది, పరిగెత్తొచ్చు. ఇక్కడ ముక్కు పనిచెయ్యదు. మన రక్తంలో ఆక్సిజన్‌ని మోసే హిమోగ్లోబిన్‌ని ఈ గ్యాసు ఆక్సిజన్ కంటే 200 రెట్లకి పైగా గట్టిగా పట్టుకుంటది. ఇంక ఆక్సిజన్‌కి చోటు ఉండదు. ముందు తలనొప్పి, తర్వాత వికారం, మత్తు. ఎండదెబ్బేమో, రాత్రి నిద్ర లేదేమో అనుకుంటాడు మనిషి. ప్రమాదమని తెలిసేసరికి కాళ్ళు లేవవు. కాపాడదామని పరిగెత్తినోడు కూడా అదే గాలి పీల్చి పక్కన పడతాడు.

గాలిలో పదిలక్షల పాళ్ళకి ఎన్ని పాళ్ళు గ్యాసుందో దాన్ని పీపీఎం అంటారు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం రెండో షెడ్యూల్లో కార్బన్ మోనాక్సైడ్‌కి ఎనిమిది గంటల సగటు 50 పీపీఎం, కొద్దిసేపటికైతే 400 పీపీఎం అని హద్దు రాసి ఉండేది. ఈ లెక్క ముక్కుకి తెలవదు, కంటికి కనపడదు. పెట్టే చెప్పాలి. అంటే అక్కడ మన ప్రాణం ఆ పెట్టె చేతిలో ఉన్నట్టే.

రెండు సున్నాలూ ఒకేలా ఉంటాయి

పెట్టెలో ఉండేది చిన్న రసాయన సెన్సారు. గ్యాసు లోపలికెళ్ళి రసాయన చర్య జరిగితే కొంచెం కరెంటు పుడతది. ఆ కరెంటుని బట్టి అంకె చూపిస్తది. ఎక్కువ గ్యాసు, ఎక్కువ కరెంటు, ఎక్కువ అంకె. అంతే.

అయితే ఆ సెన్సారు అరిగిపోద్ది. చాలా కంపెనీల సెన్సార్ల ఆయుష్షు రెండు మూడేళ్ళు. వాడినా వాడకపోయినా వయసు పడిపోద్ది. పొడి వేడికి లోపలి ద్రవం ఎండిపోద్ది. దుమ్ము, నూనె మడ్డి ఫిల్టరుకి పడితే గ్యాసు లోపలికే పోదు. గోడకి సున్నం వేసేటప్పుడు పెట్టె మీద కూడా బ్రష్షు లాగేసినా అదే సంగతి.

అసలు మోసం ఇక్కడుంది. గాలి బాగుంటే, బతికున్న సెన్సారు సున్నా చూపిస్తది. గాలిలో విషం ఉన్నా, చచ్చిపోయిన సెన్సారు కూడా సున్నాయే చూపిస్తది. పైన పచ్చ లైటు రెండిట్లోనూ వెలుగుతానే ఉండొచ్చు. చూసి తేడా చెప్పడం ఎవరి వల్లా కాదు. ఒకప్పుడు బ్రిటన్ బొగ్గు గనుల్లో ఈ గ్యాసు కోసమే పంజరంలో కానరీ పిట్టని పట్టుకెళ్ళేవాళ్ళు. 1980ల దాకా ఆ పద్ధతి ఉంది. పిట్ట బతికుందో లేదో చూస్తే తెలిసిపోద్ది. పెట్టె బతికుందో లేదో పరీక్ష చేస్తేనే తెలుస్తది.

కాటా పద్ధతే ఇది

కొల్లేరు చుట్టూ చేపల చెరువోళ్ళకి కాటా గురించి నేను చెప్పక్కర్లేదు. ముందు ఖాళీ కాటా సున్నా చూపిస్తందా చూస్తాం. తర్వాత బరువు తెలిసిన రాయి పెట్టి, సరిగ్గా అంతే చూపిస్తందా చూస్తాం. తేడా వస్తే గొడవే. ఎలక్ట్రానిక్ కాటాకి ఏడాదికోసారి తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలని కూడా తెలుసు.

గ్యాసు డిటెక్టరుకీ అదే పద్ధతి. మంచి గాలిలో పెట్టి సున్నా సరిచెయ్యాలి. తర్వాత ఎన్ని పీపీఎం ఉందో రాసి ఉన్న చిన్న సిలిండరు నుంచి, కొలిచిన ప్రవాహంతో గ్యాసు పంపాలి. సిలిండరు మీద 100 అని ఉంటే పెట్టె 100 దగ్గరకి రావాలి. రాకపోతే సరిచెయ్యాలి. దీన్నే క్యాలిబ్రేషన్ అంటారు. ఎన్నాళ్ళకోసారి అన్నది తయారీ కంపెనీ పుస్తకంలో ఉంటది. మామూలుగా మూడు నెలలకో ఆరు నెలలకో. సరిచేసినా ఆ అంకెకి రావట్లేదంటే సెన్సారు పని అయిపోయినట్టు, మార్చాల్సిందే.

ఇంకోటి బంప్ టెస్ట్. ఇది రోజూ చేసేది. నడుముకి తగిలించుకునే మీటరు పట్టుకుని పనిలోకి దిగేముందు, కాస్త గ్యాసు తగిలించి అలారం మోగుద్దా లేదా చూడటం. ఒక నిమిషం పని. అంకె ఎంత కరెక్టో ఇది చెప్పదు, పెట్టె బతికుందో లేదో చెప్తది. బటన్ నొక్కితే కుయ్యిమందని సంబరపడకండి. ఆ బటన్ చాలా పెట్టెల్లో బజరునీ, బ్యాటరీనీ, లైటునీ చూస్తది, సెన్సారుని కాదు.

ఇందులో కూడా తప్పులు దొర్లుతాయి. మొదటిది, సున్నా సరిచేసే చోటే గ్యాసు ఉండటం. బాయిలరు పక్కనో, నడుస్తున్న జనరేటరు పక్కనో నిలబడి సున్నా నొక్కితే, ఆ విషపు గాలినే మంచి గాలి అని పెట్టెకి నేర్పినట్టు. ఇక ఎప్పుడూ తక్కువే చూపిస్తది. రాయి ఉంచి కాటాని సున్నా చెయ్యడమే ఇది. రెండోది, టెస్టు సిలిండరుకీ గడువు తేదీ ఉంటదని మర్చిపోవడం. మూడోది, బ్యాటరీలు చార్జింగయ్యే గదిలో హైడ్రోజన్‌కి కూడా ఈ పెట్టె మోగొచ్చు. "ఇది ఊరకే మోగుద్దిలే" అని వైరు పీకేస్తారు. ఊరకే మోగట్లేదు, కారణం వెతకాలి. వైరు పీకిన రోజు నుంచి ఆ గదికి కాపలా లేనట్టే.

చోటు తప్పితే ఉన్నా లేనట్టే

2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఎల్‌జీ పాలిమర్స్‌లో స్టైరీన్ ఆవిరి ఊళ్ళమీద పడి 12 మంది పోయారు. నీరబ్ కుమార్ ప్రసాద్ అధ్యక్షతన వేసిన హైపవర్ కమిటీ అదే ఏడు జులైలో నివేదిక ఇచ్చింది. ఆ ట్యాంకులో ఉష్ణోగ్రత కొలిచే పరికరం ఉంది, కానీ అడుగున ఉంది. పైభాగం కాగిపోతుంటే కింది అంకె బాగానే కనపడింది. సైరన్ మోగించే ఏర్పాటు 36 చోట్ల ఉంది, ఒక్కటీ మోగలేదు. పరికరాలు లేక కాదు. కొలిచే చోటు తప్పింది, మోగించాల్సినోళ్ళు మోగించలేదు.

డిటెక్టర్లకీ ఇదే పాఠం. కార్బన్ మోనాక్సైడ్ బరువు గాలి బరువుకి దగ్గరగా ఉంటది, అందుకే పెట్టె మనిషి ఊపిరి పీల్చే ఎత్తులో ఉండాలి. మురుగు ట్యాంకుల్లో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ బరువైంది, అడుక్కి దిగుద్ది. అమ్మోనియా తేలిక, పైకి లేస్తది. పైగా ఒక్కో గ్యాసుకి ఒక్కో సెన్సారు. కార్బన్ మోనాక్సైడ్ పెట్టె పట్టుకుని మురుగు ట్యాంకులోకి దిగితే అది మనల్ని కాపాడదు. మొగల్తూరులాంటి చోట నాలుగు సెన్సార్ల మీటరుని తాడుకి కట్టి, ముందు దాన్ని దింపాలి. అంకె చూశాకే మనిషి సంగతి.

ఫ్యాక్టరీయే అక్కర్లేదు. ఏరియేటర్ల కోసం మూసిన షెడ్డులో జనరేటరు నడుపుతా పక్కనే పడుకునే కాపలాదారు, పొగగొట్టం పగిలిన పొగాకు బ్యారన్‌లోకి దూరేవాడు, సిటీలో అద్దె గది బాత్‌రూంలో గ్యాసు గీజరు వెలిగించి తలుపేసుకునే కుర్రోడు... వీళ్ళందరి దగ్గరా ఉండేది ఇదే గ్యాసు. జనరేటరు బయట పెట్టండి, కిటికీ తెరవండి. ఇంటికి పెట్టె కొంటే వెనకాల రాసిన గడువు తేదీ చూసి కొనండి.

కాగితం ఎవరిది, ప్రాణం ఎవరిది

"మా దగ్గర సర్టిఫికెట్ ఉంది" అంటది యాజమాన్యం. ఉంటది కూడా. అయితే ఆరు నెలల కిందటి కాగితం ఇవాళ్టి సెన్సారు గురించి ఏమీ చెప్పదు. ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షన్ దీన్ని ఎప్పుడో పట్టుకుంది. ట్యాంకులాంటి మూసిన చోటికి మనిషిని పంపాలంటే, అర్హత ఉన్న వ్యక్తి తానే స్వయంగా పరీక్ష చేసి రాతపూర్వకంగా ఇవ్వాలంది. లేదా ఊపిరి పరికరం తొడిగి, నడుముకి తాడు కట్టి, ఆ తాడు బయట ఓ మనిషి పట్టుకోవాలంది. రాసిన మాట అమలైతే ట్యాంకుల్లో శవాలు తేలవు.

2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి తెచ్చారు. భోపాల్ తర్వాత 1987లో పాత చట్టానికి చేర్చిన 41జీ సెక్షన్, ప్రమాదకర పదార్థాలు వాడే ప్రతి ఫ్యాక్టరీలో కార్మికులతో కలిపి భద్రతా కమిటీ ఉండాలంది. కొత్త భద్రతా కోడ్‌లో 22వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వం ఆర్డరేస్తే కమిటీ. ఇన్‌స్పెక్టరు పేరు కూడా మారి, ఇన్‌స్పెక్టరు కం ఫెసిలిటేటరు అయ్యాడు. తనిఖీ చేసేవాడు సగం, సాయం చేసేవాడు సగం. సాయం ఎవరికో చూడాలి.

అదే కోడ్‌లో 14వ సెక్షన్ మాత్రం మనం గట్టిగా పట్టుకోవాల్సింది. తన భద్రతకి సంబంధించిన సమాచారం యాజమాన్యాన్ని అడిగే హక్కు కార్మికుడికి ఉందని అది చెప్తంది. ప్రాణాపాయం ఉందని అనుమానం వస్తే యాజమాన్యానికీ, ఇన్‌స్పెక్టరుకీ ఒకేసారి తెలియజెయ్యొచ్చు. కాంట్రాక్టు కూలి ఒక్కడే అడిగితే రేపట్నుంచి రావద్దంటారు, అది నాకూ తెలుసు. అందుకే షిఫ్టు మొత్తం కలిసి అడగాలి. యూనియన్ ఉంటే యూనియన్ పేరుతో, లేకపోతే పదిమంది సంతకాలతో.

అడగాల్సినవి పెద్దవి కావు. ఇక్కడ ఏ గ్యాసు లీకవ్వొచ్చు, ఈ పెట్టె దాన్ని పట్టుద్దా? క్యాలిబ్రేషన్ చేసిన తారీఖు ఎప్పుడు, సెన్సారు మార్చింది ఎప్పుడు? ఇవాళ బంప్ టెస్ట్ ఎవరు చేశారు? మోగితే మేం ఎటు పరిగెత్తాలి? ఈ జవాబుల్ని పెట్టె పక్కనే బోర్డు మీద, తెలుగులోనూ హిందీలోనూ రాయించండి. అక్కిరెడ్డిగూడెంలో పోయినోళ్ళలో ఎక్కువమందికి మన భాష కూడా రాదు. బోర్డు రాయించడానికి యాజమాన్యానికి ఎంత ఖర్చవుద్ది? రాయనంటే, రాయడానికి తారీఖు లేదనే కదా అర్థం.

కిలో చేప తూకం తేడా వస్తే కాటా దగ్గర కాలరు పట్టుకునే ఊళ్ళు మనవి. మన ఊపిరిని తూచే పెట్టె దగ్గర కూడా ఆ మాత్రం నిలదీత ఉండాలి. రేపు షిఫ్టుకెళ్ళినప్పుడు తలెత్తి ఆ పెట్టె వైపు చూడండి. లైటు కాదు, తారీఖు చూడండి.