తాబేలుపిల్లను కాచే చేతులకు తెలుగులో చెప్పేదెవరు?

ఒడిశాలోని గంజాం జిల్లాలో ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోటికి, ఫిబ్రవరి-మార్చి నెలల్లో లక్షలాది ఆలివ్ రిడ్లీ తాబేళ్లు వచ్చి గుడ్లు పెడతాయి. 2025లో వాటి సంఖ్య 7 లక్షలకు చేరువైంది. కొన్నేళ్లు అసలు రావు. ఇంత పెద్ద సంగమం 1994లో గానీ శాస్త్రలోకం దృష్టికి రాలేదు. ఆ తీరంలో వలలు లాగేవారికి మాత్రం అది కొత్త సంగతి కాదు.

తల్లి తాబేలు నూరుకు పైగా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, వెనుదిరిగి చూడకుండా వెళ్లిపోతుంది. 45 నుంచి 60 రోజులకు పిల్లలు రాత్రివేళ బయటికి వస్తాయి. నీటిమీది వెలుతురే వాటికి దారి. ఊరి దీపాలు అంతకంటె ప్రకాశవంతంగా ఉంటే అటు నడిచి, తెల్లవారేసరికి కాకులకూ కుక్కలకూ ఆహారమౌతాయి. అందుకే తీరగ్రామాల యువకులు వలలతో కంచె కట్టి, దారితప్పిన పిల్లలను బకెట్లలో ఏరి సముద్రం చెంతకు చేరుస్తారు. ఈ కావలిలో పురుణబంధ, గొఖరకుద గ్రామాల వారు చేసిన కృషి గొప్పది. నా ఫిర్యాదు వారిమీద కాదని ముందే చెబుతున్నాను.

రెండేళ్ల క్రితం ఏప్రిల్‌లో కేసు పనిమీద బరంపురం వెళ్లి, ఒక తెల్లవారుజామున ఆ తీరాన నిలబడ్డాను. ఒక బడి నుంచి ఐదో తరగతి పిల్లలు వచ్చారు. వారిలో సగంమంది నోలియాల బిడ్డలు. తమలో తాము మాట్లాడుకొంటున్నది తెలుగే. సూచనలు ఒడియాలో ఇచ్చారు, మా వంటివారి కోసం ఇంగ్లీషులో మళ్లీ చెప్పారు. ఒక పిల్లవాడు బకెట్టు తీసుకొని పరుగున వెళ్లి తాబేలుపిల్లలను నేరుగా అలల్లో కుమ్మరించాడు. పెద్దవారెవరో గట్టిగా కోప్పడ్డారు. వాడికి తిట్టు అర్థమైంది, తప్పు అర్థం కాలేదు. దూరంగా వెళ్లి కూర్చున్నాడు.

నేను పక్కన కూర్చుని చెప్పాను: “దాన్ని ఇసుక మీద వదలాలి నాయనా. ఆ నడకలోనూ, అలకు ఎదురీదడంలోనూ అది దిక్కు కుదుర్చుకొంటుంది.” వాడు కాసేపు ఆలోచించి, “అలాగైతే మా నాన్న తెప్ప దాటించేటప్పుడు చేసేదే గదండీ” అన్నాడు. తరువాత చిన్నపిల్లలకు వాడే గురువయ్యాడు. నేను చెప్పినదానికంటె బాగా చెప్పాడు.

చెన్నైలో 1988 నుంచి విద్యార్థుల బృందం ఒకటి రాత్రుళ్లు తీరం వెంట నడిచి, గుడ్లు సేకరించి కంచె లోపల భద్రపరుస్తున్నది. వారు నగరం నుంచి కడలికి వెళ్లినవారు. గంజాం పిల్లలకు కడలి గడపముందే ఉంది. గాలి, పోటు, పాటు వారికి ఇంటిమాటలు. ఆ మాటలను బడి గుమ్మం బయటే వదిలి రమ్మంటున్నాము.

న్యాయవాదిగా ఒక మాట. అడవులను, నదులను, వన్యప్రాణులను కాపాడడం పౌరుని విధి అని 1976లో చేరిన 51-ఎ(జి) అధికరణం చెబుతున్నది. బడులలో పర్యావరణ బోధన తప్పనిసరి అని 1991లో సుప్రీంకోర్టు ఆదేశించింది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతి కల్పించవలసిన బాధ్యత రాష్ట్రానిదని 1956లో చేరిన 350-ఎ చెబుతున్నది. విధిని మన పిల్లలు బకెట్టు పట్టి నెరవేరుస్తున్నారు. బాధ్యత సంగతి అడిగితే నిధులు లేవంటారు.

వారి తండ్రులు చెల్లించే మూల్యమూ తక్కువేమీ కాదు. ధామ్రా, దేవి, ఋషికుల్య నదీముఖాల వద్ద తీరం నుంచి 20 కిలోమీటర్ల వరకు నవంబరు 1 నుంచి మే 31 దాకా చేపలవేట నిషిద్ధం. ఏడు నెలలు! ఆ నిషేధం గురించి నేనక్కడ చూసిన బోర్డులు ఒడియాలోనూ ఇంగ్లీషులోనూ ఉన్నాయి. ఎవరి పొయ్యి ఆరుతుందో వారి భాషలో ఒక్క పలుకూ లేదు.

బరంపురం, గోపాలపూర్ మిత్రులను ఒకటి కోరుతున్నాను. రాబోయే నవంబరులోగా తాబేళ్ల రక్షణపై రెండు పుటల కరపత్రం, పల్లెకారుల వాడుకమాటల్లో, తయారు చేయండి. పుస్తకాల తెలుగు వద్దు. అచ్చుకు ముందు ఆ పిల్లలచేత చదివించి, అర్థం కాని మాటలు కొట్టివేయండి. దానితోపాటు బోర్డులమీద తెలుగు కోరుతూ జిల్లా కలెక్టరుకు ఇవ్వవలసిన వినతిపత్రం నేను రాసి పంపుతాను. సంతకాలు మీరు సేకరించండి.