నొప్పిని దాచడం ధైర్యం కాదు

శంషాబాద్ నుంచి ఓ తల్లి పద్నాలుగేళ్ల కొడుకును మా ఓపీకి తీసుకొచ్చారు. జ్వరమని వచ్చారు. స్టెతస్కోపు పెట్టడానికి చొక్కా విప్పమంటే కుర్రాడు కుడిచేయి పైకెత్తలేకపోయాడు. ఎన్నాళ్ల నుంచని అడిగితే తల్లి వంక చూశాడు. మూడు వారాలట! అపార్ట్‌మెంట్ జిమ్‌లో వేలాడే రింగులు పట్టుకుని, ఫోన్‌లో చూసిన ‘ఐరన్ క్రాస్’ ప్రయత్నించాడు. ‘‘చెబితే మాన్పించేస్తారు కదా డాక్టర్’’ అన్నాడు.

పురుషుల జిమ్నాస్టిక్స్‌లో రింగులు నేలకు 2.8 మీటర్ల ఎత్తున వేలాడతాయి. ఐరన్ క్రాస్‌లో రెండు చేతులూ భుజాల ఎత్తులో అడ్డంగా చాచి, గాల్లో కనీసం 2 సెకన్లు కదలకుండా నిలవాలి. ఒంటి బరువంతా భుజాల మీదే. తుంటి కీలు గిన్నెలో కూర్చున్న బంతి లాంటిదైతే, భుజం కీలు సాసర్ మీద నిలిచిన బంతి లాంటిది. అది జారకుండా కాపాడేది చుట్టూ ఉన్న కండరాలు, లిగమెంట్లు, టెండన్లే. సాధన చేస్తే కండరం త్వరగానే బలపడుతుంది. దాన్ని ఎముకకు కట్టి ఉంచే టెండన్‌కు రక్తప్రసరణ తక్కువ కాబట్టి నెమ్మదిగా గట్టిపడుతుంది. పైగా ఎదిగే పిల్లల ఎముకల చివర్లు ఇంకా లేతగానే ఉంటాయి. ‘చేయగలను’ అని కండరం చెప్పినా, మిగతావి సిద్ధంగా ఉండవు.

ఈ ఆటలో తొందర పనికిరాదు. గ్రీసు ఆటగాడు ఎలెఫ్తెరియోస్ పెట్రూనియాస్ 2016లో రింగుల్లో ఒలింపిక్ స్వర్ణం గెలిచినప్పుడు వయసు 25. పారిస్‌లో కాంస్యం గెలిచేనాటికి 33!

1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో జపాన్ ఆటగాడు షున్ ఫుజిమోతో పగిలిన మోకాలిచిప్పతోనే రింగుల మీద ఆడి, కిందికి దూకి నిలబడ్డాడు. జట్టుకు స్వర్ణం వచ్చింది. పిల్లలకు మనం ఇంతవరకే చెబుతాం. ఆ దూకుడుతో మోకాలు మరింత దెబ్బతిందన్నది చెప్పం. ఇకపై అదీ చెబుదాం. దాంతోపాటు మన హైదరాబాద్ అమ్మాయి బుద్దా అరుణారెడ్డి కథా చెబుదాం. 2018లో మెల్‌బోర్న్ ప్రపంచకప్‌లో వాల్ట్ విభాగంలో కాంస్యం గెలిచింది. 2019లో మోకాలి లిగమెంట్ దెబ్బతింటే శస్త్రచికిత్స చేయించుకుని, కోలుకునేదాకా ఆగింది. 2021లో కైరోలో రెండు స్వర్ణాలు సాధించింది. ఆగడం ఆటకు ముగింపు కాదు.

రింగులు తీసేయాల్సిన పని లేదు. పాదాలు నేలకు ఆనించి వెనక్కి వాలి లాగడం, కోచ్ పర్యవేక్షణలో వేలాడటం నేర్చుకోవచ్చు. క్రాస్ లాంటివి ఏళ్ల శిక్షణ తర్వాతి మాట. రాత్రి నిద్ర లేపే నొప్పి, చేయి ఎత్తలేకపోవడం, తిమ్మిరి, భుజం జారినట్టు అనిపించడం... వీటిలో ఏది ఉన్నా ఎముకల డాక్టరుకు చూపించండి. నొప్పి మాత్ర వేసి మళ్లీ ఆడనివ్వకండి.

ఆ కుర్రాడిని మా ఆర్థోపెడిక్ సహోద్యోగి దగ్గరికి పంపాను. వెళ్తూ తల్లి, ‘‘ముందే చెప్పొచ్చు కదరా’’ అన్నారు. చెబితే తిట్లు తప్పవనుకున్న పిల్లలు చెప్పరు. ఈరోజు ఆటయ్యాక ఇంటికొచ్చిన బిడ్డను ‘గెలిచావా?’ అనే ముందు ‘ఎక్కడైనా నొప్పిగా ఉందా నాన్నా?’ అని అడగండి. ఉందంటే తిట్టకండి.