మజిలీ మర్యాదలు: మూగజీవికి తగిన చోటే మనకూ తగిన చోటు

పెళ్ళిళ్ళకు, బంధువుల పరామర్శకు, ధార్మిక సమావేశాలకు, సెలవుల్లో పిల్లలకు నాలుగు ఊర్లు చూపించడానికి మన కుటుంబాలు ప్రయాణమవుతూనే ఉంటాయి. ఎక్కడికి వెళ్ళాలన్న విషయమై ఇంటిల్లిపాదీ చర్చిస్తాం. దారిలో ఎక్కడ ఆగాలి, రాత్రి ఎక్కడ విడిది చేయాలి అన్నది మాత్రం డ్రైవరుకు వదిలేస్తాం. మజిలీ విషయంలో కూడా ఇస్లాం ధర్మం మనకు స్పష్టమైన మార్గం చూపింది. ఆ మార్గం మనతో మొదలు కాదు, మనల్ని మోసే మూగజీవితో మొదలవుతుంది.

హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన ఒక హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. పచ్చిక ఉన్న నేలలో ప్రయాణిస్తే ఒంటెలకు మేత హక్కు ఇవ్వాలని, కరువు నేలలో అయితే అవి నీరసించక ముందే త్వరగా దాటించాలని, రాత్రి విడిది చేసేటప్పుడు దారి మీద దిగరాదని, అది జంతువులు తిరిగే చోటని దైవప్రవక్త (స) ఉపదేశించారు. ఈ ఉపదేశం మన రాయలసీమ కోసమే చెప్పినట్లుంటుంది. కర్నూలు, కడప జిల్లాల్లో ఎండాకాలం నలభై డిగ్రీలు దాటుతుంది. వంకలు ఇసుక మేటలుగా మిగులుతాయి. అటువంటి నేలలో ఎక్కడ పడితే అక్కడ ఆగడం వినోదం కాదు, బాధ్యతారాహిత్యం.

సహాబాల ఆచరణ ఇంకా హృదయాన్ని కదిలిస్తుంది. ఒక మజిలీలో దిగినప్పుడు వాహన జంతువుల మీది బరువులు దించనిదే తాము నఫిల్ నమాజుకైనా నిలబడేవాళ్ళం కామని హజ్రత్ అనస్ (రజి) తెలిపినట్లు అబూ దావూద్ గ్రంథంలో ఉంది. ఆరాధన పట్ల వారికున్న ఆసక్తి మనకు తెలియనిది కాదు. అయినా మూగజీవి వీపు మీద బరువుండగా తమ అదనపు ఆరాధనకు పూనుకోలేదు.

మన ప్రాంతం మజిలీలకు కొత్తది కాదు. అలంపురం ఆలయ నిర్మాణానికి రాళ్ళు మోసిన బండ్లు తుంగభద్ర దాటబోయే ముందు ఇక్కడ ఆగి, చక్రాలకు కందెన వేసుకునేవని, అందువల్లనే కర్నూలుకు కందనవోలు అనే పేరు వచ్చిందని పెద్దలు చెప్పుకుంటారు. 1830లో మద్రాసు నుండి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య గారు కడప మీదుగా సాగుతూ, ఏ మజిలీలో నీరుంది, ఎక్కడ దుకాణాలున్నాయి, దిగడానికి వసతి ఎలా ఉంది అన్నది తన యాత్రాచరిత్రలో శ్రద్ధగా రాసుకున్నారు. జట్కాలు నడిచిన కాలంలో బండివారికీ ఈ విద్య ఉండేది. గుర్రానికి నీరు, నీడ, మెత్తని నేల ఉన్న చోటనే బండి విప్పేవారు. అలాంటి చోట పసిపిల్లల తల్లికి, వృద్ధులకు కూడా సుఖంగానే ఉండేది. ఈ సూత్రాన్ని మనం మరచిపోరాదు.

నేడు జట్కాలు దాదాపు కనుమరుగయ్యాయి. అయినా వరుని ఊరేగింపు కోసం గుర్రాన్ని చిన్న లారీలో ఎక్కించి ఊరు నుండి ఊరికి తీసుకుపోతున్నారు. అమెరికాలో ఇల్లంత వాహనంలో తిరిగే కుటుంబాలు గుర్రాలను సైతం వెంట తీసుకువెళ్తాయి. అక్కడి కొన్ని ప్రభుత్వ ఉద్యానవనాల్లో గుర్రాలకు వేరుగా కట్టు స్థలాలున్న విడిదులు ఏర్పాటై ఉన్నాయి. మన దారుల్లో అటువంటి ఏర్పాటు లేనప్పుడు, ఎంపిక బాధ్యత పూర్తిగా మనదే అవుతుంది.

మొదట నీరు చూడాలి. గుర్రానికి మామూలు రోజుల్లోనే సుమారు ముప్ఫై లీటర్ల నీరు కావాలి, వేసవిలో అంతకు మించి కావాలి. నాలుగు గంటలకొకసారైనా ఆపి కొద్దికొద్దిగా తాగించాలి. ఒంటి చెమట ఆరకముందే ఉలవలు పెట్టరాదు. కర్నూలు నుండి నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరు మీదుగా కడపకు సుమారు రెండు వందల కిలోమీటర్లు. ఈ దూరానికి ముందుగానే రెండు మజిలీలు నిర్ణయించుకుంటే వుజూకు, వంటకు, జంతువుకు నీటి కొరత రాదు.

రెండవది నేల. నాపరాతి బండలు మధ్యాహ్నానికి పెనంలా కాలుతాయి, లాడం కొట్టిన గిట్టలు వాటి మీద జారతాయి. మట్టి నేల, వేప లేదా చింత నీడ మేలు. పల్లేరు కాయలు, తుమ్మ ముళ్ళు లేకుండా చూసుకోవాలి. అవి గిట్టలనూ, పిల్లల పాదాలనూ సమానంగా బాధిస్తాయి. వాన లేక వాడిపోయిన లేత జొన్న పైరు పశువులకు విషం కాగలదు. కనుక పక్క చేనులో మేపడం యజమాని హక్కును కాజేయడమే కాదు, జంతువు ప్రాణానికీ ముప్పు.

మూడవది ప్రమాదాలకు దూరం. ఎండిన ఏరు సమతలంగా ఉందని అందులో డేరా వేయరాదు. 2009 అక్టోబరులో కర్నూలు నగరాన్నే వరద ముంచెత్తింది. 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు చెయ్యేరు ఒడ్డు గ్రామాలు కొట్టుకుపోయాయి. ఇళ్ళలో ఉన్నవారికే తప్పించుకునే వ్యవధి లేనప్పుడు, ఇసుకలో నిద్రించేవారి మాటేమిటి? బేతంచెర్ల, ఎర్రగుంట్ల పరిసరాల్లో నీరు నిండిన పాత రాతి గుంతల దగ్గర, కె.సి. కాలువ గట్టున పిల్లలతో దిగడం కూడా తగదు. గండికోటలో పెన్నా లోయ అంచు చూడముచ్చటైనది, అక్కడ డేరాలలో రాత్రి గడిపే కుటుంబాలు ఎన్నో. కాని బెదిరిన గుర్రానికి, ఆటలో పరుగెత్తే పసివానికి ఆ అంచు కనబడదు. విడిది లోయకు దూరంగా ఉండాలి, చూపు కోసం నడిచి వెళ్ళాలి. అక్కడి జామియా మసీదు వంటి ప్రాచీన కట్టడాలను వంటశాలలుగా మార్చరాదు.

నాలుగవది గోప్యత, పరిశుభ్రత. స్త్రీలకు మరుగుదొడ్డి లేని చోట రాత్రి విడిది చేయడం వారిని కష్టపెట్టడమే. నీటి రేవుల్లో, దారి మీద, నీడలో మలవిసర్జన చేయడం శాపానికి గురిచేసే పనులని దైవప్రవక్త (స) హెచ్చరించారు. గుర్రపు లద్దె కూడా మనమే ఎత్తి దూరంగా వేయాలి. నిద్రకు ముందు పొయ్యి ఆర్పాలి. ప్రజలు విడిదిలో చెల్లాచెదురుగా దిగడాన్ని ఆయన (స) మందలించగా, ఆపై సహాబాలు ఒకే దుప్పటి కప్పగలిగినంత దగ్గరగా దిగేవారు.

దిగిన వెంటనే అల్లాహ్ సంపూర్ణ వచనాల ద్వారా సృష్టి కీడు నుండి శరణు కోరే దుఆను పిల్లల చేత పలికించండి. దాన్ని పలికినవారికి ఆ చోటు విడిచేవరకు ఏదీ హాని చేయదని హదీసులో శుభవార్త ఉంది. దుఆ జాగ్రత్తకు ప్రత్యామ్నాయం కాదు, దానికి తోడు.

సోదరులారా! కుటుంబ పెద్ద ఆ ప్రయాణానికి కాపరి. తన మంద గురించి కాపరి ప్రశ్నించబడతాడు. మన బృందంలో అందరికన్నా బలహీనులెవరో ముందు గుర్తించండి. అది అలసిన గుర్రం కావచ్చు, బాలింత కావచ్చు, మోకాళ్ళు నొచ్చే నాన్నమ్మ కావచ్చు. వారికి తగిన చోటు దొరికినప్పుడే బండి ఆపండి. ముందు నీళ్ళ బకెట్టు మూగజీవి ముందు పెట్టండి, ఆ పని ఇంట్లోని చిన్నవాని చేత చేయించండి. నోరు తెరిచి అడగలేని ప్రాణుల హక్కును గుర్తించే మనసును అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.