డిశ్చార్జ్ తర్వాత ఆ మూడు వారాలు ఎవరి ఖాతాలో?

మా నానీకి 76 ఏళ్లు. ఫజర్ నమాజుకు వుజూ చేసుకుని లేస్తూ బాత్రూంలో జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. టోలీచౌకి నుంచి షేక్‌పేట ఫ్లైఓవర్ ఎక్కి ఐటీ కారిడార్‌లోని ఓ కార్పొరేట్ దవాఖానాకు తీసుకుపోయాం. ఆపరేషన్ మంచిగానే అయింది. మామూ పనిచేసే కంపెనీ గ్రూప్ ఇన్సూరెన్స్‌లో తల్లిదండ్రులకూ కవర్ ఉంది కాబట్టి బిల్లు గురించి ఎవరం పెద్దగా భయపడలేదు. ఐదో రోజు డిశ్చార్జ్ అన్నారు. అప్పటికి నానీ మంచం మీద కూర్చోగలరు, ఇద్దరు పట్టుకుంటే నిలబడగలరు. అంతే.

ఇంట్లో చూస్తే మామూ, ముమానీ ఇద్దరూ ఉద్యోగాలకు పోతారు. బాత్రూం గడప ఎత్తుగా ఉంటది. డాక్టర్ రోజుకు రెండుసార్లు నడిపించాలన్నారు. ఎవరు నడిపించాలి? దవాఖానా వాళ్లే ‘ట్రాన్సిషన్ కేర్’ అని ఒక మాట చెప్పారు. అంటే ఆపరేషన్ అయిన మనిషి ఇంటికి పోయేంత బలం వచ్చేదాకా రెండు మూడు వారాలు ఉంచుకుని, ఫిజియోథెరపీ చేయించి, నర్సుతో చూపించి పంపే చోటు. ఇంట్లో ఆ మాట చెప్పగానే గొడవ. మా గల్లీలో రిహాబ్ అంటే తాగుడు మాన్పించే చోటు. సెంటర్ అంటే వృద్ధాశ్రమం. “ముఝే ఘర్ లే చలో” అని నానీ ఏడుపు. “అమ్మను ఎక్కడో పడేశారని బంధువులు అనరా?” అని మా అమ్మీ.

చివరికి తీసుకుపోయాం. 18 రోజుల తర్వాత నానీ వాకర్ పట్టుకుని తనంతట తను బాత్రూంకు పోయే స్థితిలో ఇంటికొచ్చారు. ఆ 18 రోజుల బిల్లులో ఇన్సూరెన్స్ నుంచి ఒక్క రూపాయి రాలేదు.

ఎందుకు రాలేదో తెలుసుకుందామని పాలసీ కాగితాలు ముందేసుకుని కూర్చున్నా. బీకాం చదివినందుకు ఇంట్లో ఇలాంటి పనులన్నీ నాకే వస్తాయి. చివరి పేజీల్లో ‘ఎక్స్‌క్లూజన్ 05’ అని ఒకటి ఉంది. రెస్ట్ క్యూర్, రిహాబిలిటేషన్, రెస్పైట్ కేర్, ఈ మూడింటికీ డబ్బు ఇవ్వరు. స్నానం చేయించడం, బట్టలు తొడగడం, నడిపించడం లాంటి సాయం నర్సు చేసినా, అటెండర్ చేసినా అది ‘కస్టోడియల్ కేర్’ కిందికే వస్తుందని అందులో రాసి ఉంటది. ఇది ఒక్క కంపెనీ రాసుకున్న మాట కాదు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో మినహాయింపులన్నింటికీ ఒకే భాష ఖరారు చేసింది, దేశమంతా పాలసీల్లో ఆ మాటలే కనిపిస్తాయి. అయితే ఒక సంగతి గమనించాలి. మినహాయించాలనుకుంటే ఈ మాటల్లోనే మినహాయించమంది గానీ, మినహాయించి తీరాలని కాదు. కంపెనీలు తలుచుకుంటే కవర్ ఇవ్వొచ్చు. ఇవ్వడం లేదు, మనమూ అడగడం లేదు.

రెండో చిక్కు ‘ఆస్పత్రి’ అనే మాట దగ్గర. పాలసీ దృష్టిలో ఆస్పత్రి అంటే క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కింద ఆస్పత్రిగా రిజిస్టర్ అయి ఉండాలి. లేదంటే 24 గంటలూ డాక్టర్, నర్సులు, హైదరాబాద్ లాంటి పెద్ద ఊళ్లో కనీసం 15 పడకలు, సొంత ఆపరేషన్ థియేటర్ ఉండాలి. నడక నేర్పే చోట ఆపరేషన్ థియేటర్ ఎందుకుంటది?

సైబర్ టవర్స్‌ను 1998 నవంబర్‌లో అప్పటి ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. అప్పుడు పాతికేళ్ల వయసులో అక్కడ ఉద్యోగంలో చేరినవాళ్లు ఇప్పుడు యాభై దాటారు. వాళ్ల అమ్మానాన్నలు డెబ్భై అయిదు, ఎనభైల్లో ఉన్నారు. గుంటూరు నుంచో, కరీంనగర్ నుంచో, పాతబస్తీ నుంచో వచ్చి కొండాపూర్, మణికొండ, నల్లగండ్ల ఫ్లాట్లలో ఉంటున్నారు. కుర్రాళ్ల కోసం కట్టిన ఏరియాలో ముసలివాళ్లు పెరిగారు. ఇక్కడ పెద్ద పెద్ద దవాఖానాలకు కొదవ లేదు. దవాఖానాకూ ఇంటికీ మధ్య ఉండాల్సిన మెట్టు మాత్రం ప్రైవేటు వాళ్లు పెట్టిన కొన్ని సెంటర్లకే పరిమితం. హైదరాబాద్‌లో మొదలైన సువిటాస్‌ను తర్వాత హెచ్‌సీఏహెచ్ కొనుక్కుంది. వ్యాపారం ఉందని వాళ్లకు అర్థమైంది, తప్పేం లేదు. కానీ లెక్క చూడండి. ఉదాహరణకు రోజుకు 5 వేలు అనుకుందాం, 21 రోజులకు 1,05,000. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో జీతం తీసుకునే మామూ అయితే కిందా మీదా పడి కట్టాడు.

కట్టలేనివాళ్ల ఇంటికీ వెళ్లా. హైటెక్ సిటీకి ఆనుకునే ఉన్న బోరబండలో ఒక క్యాబ్ డ్రైవర్ భాయ్ ఇల్లు. రోజూ ఈ కారిడార్‌లోనే తిప్పుతాడు. వాళ్ల అబ్బాకు పక్షవాతం వచ్చింది. సర్కారు వైద్యంతో ప్రాణం నిలిచింది, చేతి నుంచి పైసా పోలేదు. ఇంటికొచ్చాక ఒక్క గదిలో మంచం మీదే రెండు నెలలు. ఫిజియోథెరపీ అని డిశ్చార్జ్ కాగితంలో రాసి ఉంది, ఎక్కడ దొరుకుతుందో రాసి లేదు. నేను పోయేసరికి వీపు మీద పుండ్లు. పక్షవాతం వచ్చినవాళ్లలో మొదటి మూడు నెలల్లోనే ఎక్కువ మెరుగు కనిపిస్తుందని డాక్టర్లు చెప్తారు. ఆ నెలలన్నీ గోడ చూస్తూ పోయాయి.

70 దాటిన అందరికీ ఆదాయంతో సంబంధం లేకుండా 5 లక్షల కవర్ ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబర్‌లో వచ్చింది. మన రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో 10 లక్షలకు పెరిగింది. రెండూ మంచివే, కార్డు లేనివాళ్లు తీసుకోవాలి. కానీ ఆయుష్మాన్‌లో డిశ్చార్జ్ తర్వాత 15 రోజుల మందులు, పరీక్షల వరకే. పరిమితి ఎన్ని లక్షలు పెంచినా, మంచం మీది మనిషిని నడిపించే ఖర్చుకు అందులో గడి లేకపోతే ఆ లక్షలు అలాగే ఉండిపోతాయి. వృద్ధుల కోసం 2010-11లో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ కార్యక్రమంలో జిల్లా ఆస్పత్రుల్లో 10 పడకల వార్డు, ఫిజియోథెరపీ ఉండాలని ఉంది. కొత్తగా కనిపెట్టాల్సిన పనేం లేదు, ఆ మాట అమలు చేస్తే చాలా ఇళ్లు గట్టెక్కుతాయి.

బయటి దేశాల్లో ఇది కొత్త సంగతి కాదు. చికాగోలో చుట్టాలున్నవాళ్లకు తెలుసు, అమెరికా మెడికేర్‌లో మూడు రోజులు ఆస్పత్రిలో చేరి ఉంటే, తర్వాత నర్సింగ్ సెంటర్‌లో 100 రోజుల దాకా కవర్ ఉంటది, మొదటి 20 రోజులు పేషెంట్ వాటా కూడా ఉండదు. ఇంగ్లండ్‌లో అర్హులకు ఆరు వారాల వరకు ఉచితం. దయతో ఇస్తున్నారని కాదు. నడవలేని ముసలాయన మళ్లీ పడి మళ్లీ ఆస్పత్రికి వస్తే అయ్యే ఖర్చు ఇంకా ఎక్కువని లెక్కేసుకున్నారు.

ఇప్పటికిప్పుడు మన చేతిలో ఉన్నవి కొన్ని చెప్తా. చాలా పాలసీల్లో డిశ్చార్జ్ తర్వాతి ఖర్చులకు కొన్ని రోజుల గడువు ఉంటుంది, ఆరోగ్య సంజీవనిలో అయితే 60 రోజులు. అదే జబ్బుకు సంబంధించి డాక్టర్ రాసిన ఫిజియోథెరపీ, మందులు, పరీక్షలకు పాలసీని బట్టి క్లెయిమ్ చేసుకోవచ్చు. మేం చేసిన తప్పు ఏంటంటే, సెంటర్ వాళ్లు ప్యాకేజీ అని ఒకే లైన్‌లో ఇచ్చిన బిల్లు అలాగే పంపాం. మొత్తం రిహాబ్ అని కొట్టేశారు. గది, భోజనం, అటెండర్ వేరు, ఫిజియో, మందులు వేరుగా బిల్లు అడగండి. ఎన్ని రోజుల థెరపీ కావాలో డిశ్చార్జ్ సమ్మరీలోనే రాయించుకోండి, ఇంటికొచ్చాక ఆ డాక్టర్ దొరకడు. క్లెయిమ్ కొట్టేస్తే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు, ఆ తర్వాత లక్డీకాపూల్‌లో బీమా అంబుడ్స్‌మన్. ఫీజు లేదు, వకీలూ అక్కర్లేదు.

మన సమాజంలో దీనికి దారి ఇప్పటికే ఉంది. నవాబ్ సాహెబ్ కుంటలోని మస్జిద్ ఇస్‌హాక్‌లో హెల్పింగ్ హ్యాండ్ ఫౌండేషన్ వైద్య కేంద్రం పెట్టినప్పుడు మస్జిదులో డాక్టరా అని ఆశ్చర్యపోయినవాళ్లం మనమే. అలాంటి చోట్ల వారానికి మూడు రోజులు ఒక ఫిజియోథెరపిస్ట్, ఆడవాళ్లకు ఆడ ఫిజియో, ఇంటికి అరువిచ్చే నాలుగు వాకర్లు. బోరబండ అబ్బాకు ఆ మాత్రం దొరికి ఉంటే పరిస్థితి ఇంకోలా ఉండేదేమో.

ఇక కంపెనీల సంగతి. గ్రూప్ పాలసీ ఏటా రెన్యూవల్‌కు వస్తుంది, అందులో ఏం ఉండాలో కంపెనీ బేరమాడుతుంది. తల్లిదండ్రుల కవర్‌లో 21 రోజుల రిహాబ్ చేర్చమని మామూ ఈసారి హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టాడు. అదే ఫ్లోర్‌లో ఇంకో పదకొండు మంది దాని కింద పేర్లు చేర్చారు. జవాబు ఇంకా రాలేదు.