కామెర్లకు కారణం కావాలి, పసరు కాదు

"కామెర్లకు ఇంగ్లీషు మందు లేదు, పసరే దిక్కు" అనే మాట మన పల్లెల్లో ఇప్పటికీ చెల్లుతోంది. ముంజేతికి వాత పెట్టేవాళ్లున్నారు, ముక్కులో పసరు పిండేవాళ్లున్నారు, సున్నపుతేటతో చేతులు కడిగి కామెర్లు దింపేవాళ్లూ ఉన్నారు. చేతుల మీంచి తేట పచ్చగా కారుతుంటే రోగం దిగిపోతోందని చుట్టూ ఉన్నవాళ్లు నమ్ముతారు. ముందుగా మామిడి బెరడు రసం పూసి తేట పోస్తే, ఏ రోగమూ లేనివాడి చేతుల నుంచీ అదే పసుపు కారుతుంది. హేతువాదులు సభల్లో ఎన్నోసార్లు చేసి చూపించారు.

కామెర్లు రోగం కాదు, లక్షణం. ఎర్రకణాలు విరిగితే పుట్టే బిలిరుబిన్‌ను కాలేయం పైత్యరసంలో కలిపి పేగుల్లోకి పంపాలి. కణాలు మితిమీరి విరిగినా, కాలేయం వాచినా, పైత్యనాళం మూసుకుపోయినా కళ్లు పచ్చబడతాయి. కలుషిత నీటితో సోకే హెపటైటిస్-ఎ చాలామందిలో కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది. పసరుకు వచ్చిన పేరంతా అక్కడిదే. నాళంలో రాయి ఇరుక్కున్నా, క్లోమంలో కాన్సర్ గడ్డ నాళాన్ని నొక్కినా ఏ పసరూ ఆ అడ్డు తీయలేదు. పథ్యం పేరుతో గడిపే వారాల్లో గడ్డ పెరుగుతుంది.

ఈ తేడా పట్టిచ్చేది అల్ట్రాసౌండ్. పరగడుపున పడుకోబెట్టి, పొట్టకు జెల్ రాసి, కుడి పక్కటెముకల కింద పరికరం ఆనిస్తారు. సూది లేదు, కోత లేదు, రేడియేషన్ లేదు. మామూలుగా 6 మిల్లీమీటర్లు దాటని నాళం ఉబ్బి కనిపిస్తే కింద అడ్డుందేమోనని వెతుకుతారు. పిత్తాశయంలో రాయి తెల్లగా మెరుస్తూ వెనక నల్లని నీడ వేస్తుంది. నాళం అడుగున ఉన్న రాయి పేగుల్లోని గాలి చాటున దాగొచ్చు. ఏ వైరసో రక్తపరీక్షే చెప్పాలి. తన హద్దు ఒప్పుకుని మరో పరీక్ష అడగడం శాస్త్రం పద్ధతి. వాత పెట్టేవాడికి ఏ కామెర్లైనా ఒకటే.

మూలికలను శాస్త్రం పరీక్షించకుండా తోసిపుచ్చలేదు. నేల ఉసిరి హెపటైటిస్-బి మీద పనిచేస్తుందని 1988లో మద్రాసు పరిశోధకులు లాన్సెట్‌లో ప్రకటించారు. తర్వాతి పరీక్షల్లో ఆ ఫలితం నిలవలేదు.

మా అనంతపురం ప్రాంతంలో విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన స్వచ్ఛంద సంస్థ రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ (ఆర్‌డీటీ) 2000లో బత్తలపల్లిలోనే ఆసుపత్రి తెరిచింది. ఆసుపత్రి దూరమనే సాకు ఇక్కడ చెల్లదు. మలం సున్నంలా తెల్లబడి, మూత్రం ముదురు రంగులో వస్తూ, ఒళ్లంతా దురద పెడితే అడ్డు ఉందని అనుమానించాలి. చలిజ్వరం తోడైతే ఒక్కరోజు కూడా ఆగకూడదు. గర్భిణికి హెపటైటిస్-ఇ ప్రాణాల మీదికి తెస్తుంది. కళ్లు పచ్చబడ్డ మనిషిని ముందు రక్తపరీక్షకు, స్కానింగుకు తీసుకెళ్లండి. కారణం తేలాకే మందు, పథ్యం.