ఆపరేషన్ అయిందని గిన్నె దాచకండి!
మామిడి టెంక మింగితే అది పేగుకు అడ్డుపడి, కుక్కకు అర్ధరాత్రి వేళైనా పొట్ట ఆపరేషన్ చేయాల్సి రావచ్చు. ఇంటికి తెచ్చాక చాలామంది చేసే పని గిన్నె దాచేయడం. కుట్లు మానేదాకా పస్తే మంచిదట! ఒకప్పుడు డాక్టర్లూ అలాగే అనేవారు. కానీ పేగు లోపలి పొరకు పోషణ చాలావరకు అందులోంచి వెళ్లే ఆహారం నుంచే అందుతుంది. పస్తుంచితే ఆ పొర పలచబడుతుంది, గాయమూ ఆలస్యంగా మానుతుంది. అందుకే వాంతులు లేకపోతే 24 గంటల్లోపు ఆస్పత్రిలోనే మెత్తని ఆహారం మొదలుపెడుతున్నారు. మొరాయిస్తే ముక్కులోంచి సన్నని గొట్టం వేసి పంపుతారు. ఇంట్లోనూ కొద్దికొద్దిగా, నాలుగైదుసార్లు పెట్టాలి.

అసలు భయం ఆపరేషనైన 3 నుంచి 5 రోజుల మధ్య. పేగు కుట్టినచోట లీకయ్యేది ఎక్కువగా అప్పుడే. తిండి మానేసినా, మళ్లీ వాంతులైనా, పొట్ట ఉబ్బినా తెల్లారేదాకా ఆగొద్దు. నొప్పికని ఇంట్లో ఉన్న ఐబూప్రొఫెన్ మాత్రం వేయొద్దు. దాంతో పొట్టలో పుండ్లు పడతాయి, కిడ్నీలూ దెబ్బతింటాయి.