స్వంత ప్రార్థనాలయ మేల?

క్రైస్తవులు పదిమంది కూడగనే స్థలము కొని చర్చి కట్ట నుంకింతురేల, అద్దె యింట ప్రార్థించిన దేవుడు వినడా యని మన సభ్యులలో కొందఱు నవ్వుచుందురు. నవ్వుటకు ముందు స్కాట్లండు దేశపు వృత్తాంత మొకటి వినదగును.

ఆ దేశమున గ్రామ చర్చికి పాదిరిని నియమించు హక్కు చట్టరీత్యా పెక్కుచోట్ల భూస్వామిదై యుండెను. సంఘము వలదన్న పాదిరిని సైతము తెచ్చి పెట్టుట సహింపక, 1843 మే 18న నాలుగువందల యేబదికి పైగా పాదిరులు థామస్ చామర్స్ నాయకత్వమున ప్రభుత్వ చర్చిని విడిచి వచ్చిరి. జీతములు పోయెను, నివాసములు పోయెను, చర్చి భవనములును పోయెను. క్రొత్త చర్చికి స్థలమడుగగా భూస్వాములు కొందఱు నిరాకరించిరి. స్ట్రాంటియన్ అను నూర జానెడు నేల దొరకక, అచటి భక్తులు చందాలు పోగుచేసి, ఇనుముతో తేలియాడు చర్చిని చేయించి, 1846లో సునార్ట్ అను సముద్రపు పాయలో లంగరు వేసికొనిరి. నేల దొరది గాని నీరు దొరది కాదు గదా! నూరుమంది యెక్కినకొలది నొక యంగుళము మునుగుచుండెనని చెప్పుదురు.

పిమ్మట నా సంఘము దేశమంతట స్వంత చర్చిలు కట్టుకొనెను. అయినను చిక్కు తీరలేదు. 1900లో అది మఱియొక సంఘముతో నైక్యము కాగా, సమ్మతింపని కొద్దిమంది వ్యాజ్యెము వేసిరి. మూల సిద్ధాంతమును విడువనివారిదే యాస్తి యని 1904లో బ్రిటిష్ ప్రభువుల సభ తీర్పు చెప్పెను. వేలమంది చందాలతో లేచిన భవనములు గుప్పెడుమందికి చెందెను! 1905లో పార్లమెంటు ప్రత్యేక చట్టము చేసి వానిని పంచవలసి వచ్చెను.

కావున వారు స్వంత భవనము కోరుట గొప్పకు మాత్రమే కాదు. తలుపు తాళము పరుల చేత నుండరాదను భయమునకు. తోటల నడుమ బ్రదికిన మన కీ భయము క్రొత్త కాదు. దొర యనుమతితో చెఱకుతోట యంచున వెలసిన గుడి, తోట చేతులు మాఱిననాడు ఎవరిది? మన పెద్దలు నోటిమాటను నమ్మిరి. వారిని తప్పుపట్టము, వారికి వేఱు దారి యేది? కాని నోటిమాట ఇచ్చినవానితోడనే పోవును.

గోపురమునకు రంగు వేయింతమన్న ముందుకు వచ్చు మనము, దస్తావేజు ఎవరి పేర నున్నదని అడుగుటకు మొగమాటపడుచున్నాము. సంఘము పేరనా, ధర్మకర్తల పేరనా, ఒక కుటుంబము పేరనా? సంఘము చీలినచో ఆస్తి యేమగునో నియమావళిలో వ్రాయబడినదా? రాబోవు సర్వసభ్య సమావేశమున మే మీ ప్రశ్నల నడుగ దలచితిమి. బదులు చెప్పువారు కాగితములతో రావలెనని మనవి.